36 ముక్కలు తిప్పితే 71 ఎందుకయ్యాయి?

ప్రశ్న: ఎంటెక్ రెండో ఏడాది చదువుతున్నాను. ఇండక్షన్ మోటార్ స్టేటర్ కోర్‌లో (తిరగకుండా నిలిచి ఉండే ఇనుప భాగంలో) వేడి ఎలా పాకుతుందో లెక్కించడం నా ప్రాజెక్టు. కోర్ బయటి వ్యాసం 200 మి.మీ., లోపలి వ్యాసం 120 మి.మీ., తీగచుట్లు కూర్చునే గాళ్లు, అంటే స్లాట్లు, 36. ఒక్క స్లాట్ మధ్యలో ఉండే 10 డిగ్రీల ముక్కను ఫ్రీక్యాడ్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో గీసి, స్టెప్ ఫైలుగా (సాఫ్ట్‌వేర్ల మధ్య ఆకారాలు పంపే ఫైలు) తీసి, ఆకారాన్ని లెక్కకు వీలైన చిన్న తునకలుగా, అంటే మెష్‌గా, విడగొట్టే జీమెష్‌లో పైథాన్ స్క్రిప్టుతో 35 కాపీలు తిప్పాను. కోణం 10 అని ఇస్తే ముక్కలు ఎక్కడెక్కడో పడ్డాయి. రేడియన్లలో ఇవ్వాలని తెలిసి 0.1745 అని రాశాను. ఇప్పుడు బొమ్మ చక్కగా గుండ్రంగా ఉంది. కానీ ఫ్యాన్ గాలి ఒక పక్కే తగిలేలా పెడితే ముక్కకూ ముక్కకూ మధ్య ఉష్ణోగ్రత తెగిపోతోంది. ఫ్రాగ్మెంట్ అనే ఆజ్ఞ ఇస్తే కలుస్తాయన్నారు. చేస్తే 36 రావాల్సిన వాల్యూములు (ఘన ముక్కలు) 71 వచ్చాయి, మెష్ గంటలు గడిచినా పూర్తి కాలేదు. కోర్ సగం పొడవే మెష్ చేసి, రెండో సగాన్ని అద్దం తిప్పినట్టు స్క్రిప్టుతో రాస్తే, వేడి లెక్క చేసే కాల్‌క్యులిక్స్ సాఫ్ట్‌వేర్ జాకోబియన్ తప్పు చూపిస్తోంది. స్టేటర్‌ను ఫ్రేమ్ మధ్యకు 132 మి.మీ. పైకి జరిపినప్పుడు కూడా ఒకసారి అంతా చెదిరిపోయింది. గైడ్ గారు సాఫ్ట్‌వేర్ మార్చి చూడమంటున్నారు. గడువు దగ్గర పడుతోంది, చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
— ఒక విద్యార్థిని, కాకినాడ

సమాధానం: మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన మాట 71. ఆ ఒక్క అంకె రాయకపోతే నేను మిమ్మల్ని చాలా ఎదురు ప్రశ్నలు వేయాల్సి వచ్చేది. 71 అంటే 36, దానికి తోడు 35. మీవి 36 ముక్కలు. వరసగా పేర్చితే పక్కపక్కన ఉండే జతలు 35, ఆఖరి ముక్క మొదటి ముక్కను కలిసే చోటు ఇంకొకటి. అంటే ఆ 35 జతల్లో ప్రతి చోటా ముక్క మీదికి ముక్క కాస్త ఎక్కింది. ఎక్కిన ప్రతి చోటునూ ఫ్రాగ్మెంట్ ఒక కొత్త వాల్యూముగా విడదీసింది. 36వ చోట, అంటే చక్రం మూసుకోవాల్సిన దగ్గర, ఎక్కుడు లేదు. అక్కడ ఖాళీ ఉంది.

ఇదంతా 0.1745 వల్లే. 10 డిగ్రీలు అంటే రేడియన్లలో పై బై 18. దశాంశాల్లో రాస్తే 0.17453293 అలా సాగుతుంది. మీరు నాలుగు అంకెల దగ్గర ఆపారు. ఒక్కో అడుగుకు 0.0000329 రేడియన్లు తగ్గింది. 100 మి.మీ. వ్యాసార్ధం దగ్గర అది 0.0033 మి.మీ. తెరమీద మామూలుగా చూస్తే ఇంత సన్నని ఎక్కుడు కంటికి ఆనదు. కానీ 35 అడుగులు అయ్యేసరికి తగ్గినదంతా పోగై, చివర మూసుకోవాల్సిన చోట 0.115 మి.మీ. ఖాళీగా మిగిలింది. అక్కడ జూమ్ చేస్తే మీకే కనిపిస్తుంది.

మెష్ గంటలు పట్టడానికి కూడా కారణం ఇదే. ఆ 35 పొరలు ఒక్కొక్కటీ 40 మి.మీ. వెడల్పు, బయటి అంచు దగ్గర కూడా 0.0033 మి.మీ.కి మించని మందం. అంత సన్నని సందులో మంచి ఆకారం ఉన్న ఎలిమెంట్లు, అంటే మెష్ తునకలు, పట్టించాలంటే మెషర్ (మెష్ చేసే ప్రోగ్రామ్) లక్షల కొద్దీ చిన్నచిన్నవి పెట్టాలి, లేదంటే పనికిరాని చదును ఎలిమెంట్లు పెట్టాలి. మెషర్ తప్పేమీ లేదు. మీరిచ్చిన ఆకారాన్ని అది ఉన్నదున్నట్టు నింపుతోంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇలాంటప్పుడు టాలరెన్స్ (ఎంత తేడాను లేనట్టే చూడాలన్న హద్దు) పెంచమని సలహా ఇచ్చేవాళ్లు తప్పకుండా ఉంటారు. జీమెష్ కింద ఉండి ఆకారాలను లెక్కగట్టే ఓపెన్‌కాస్కేడ్ కెర్నెల్ మామూలుగా రెండు బిందువులను ఒకటిగా చూసే దూరం 10⁻⁷. మీ ఎక్కుడు దానికి ముప్పై వేల రెట్లు. ఆకారాలను కలిపే, కోసే పనులకు వాడే బూలియన్ టాలరెన్స్‌ను 0.01కి పెంచితే 35 పొరలు మాయం కావచ్చు. కానీ చివరి 0.115 మి.మీ. ఖాళీ అలాగే ఉంటుంది, పైగా స్లాట్ మూలల్లో ఉన్న నిజమైన చిన్న అంచులు కూడా కరిగిపోయే ప్రమాదం ఉంది. టాలరెన్స్ ఉన్నది వేరే సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిన ఫైళ్లలోని గుండ్రం చేసిన అంకెలను సర్దుకోవడానికి. మన చేతిలో ఉన్న కోణాన్ని సరిచేయకుండా దాన్ని పెంచడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. పైథాన్‌లో మ్యాథ్ మాడ్యూల్ నుంచి పై విలువ తీసుకుని 18తో భాగించండి. ఒకటో కాపీని ఒక పై బై 18, రెండోదాన్ని రెండు పై బై 18, ఇలా ప్రతి కాపీనీ అసలు ముక్క నుంచే తిప్పండి. ముందు కాపీని తిప్పి తర్వాతి కాపీ చేసే గొలుసు పద్ధతి వద్దు. పై విలువ పూర్తిగా ఉంటే గొలుసులో కూడా తేడా లెక్కలోకి రానంత తక్కువే, కానీ మధ్యలో ఒక్క ముక్క తప్పితే దాని వెనకవన్నీ తప్పుతాయి, ఎక్కడ మొదలైందో వెతకడం కష్టమవుతుంది.

కోణం 10 అని ఇచ్చినప్పుడు జరిగింది కూడా చూద్దాం. 10 రేడియన్లు అంటే దాదాపు 573 డిగ్రీలు. ఒక పూర్తి చుట్టు తీసేస్తే 213 డిగ్రీలు. ప్రతి ముక్కా ముందుదానికి దాదాపు ఎదురుగా వెళ్లి పడింది. ఈ పొరపాటు మీలాంటి వాళ్లకు పదే పదే ఎదురవుతుంది, ఎందుకంటే సాఫ్ట్‌వేర్లు ఒక్క తీరున లేవు. ఓపెన్‌ఎస్‌క్యాడ్, క్యాడ్‌క్వెరీ డిగ్రీలు అడుగుతాయి. జీమెష్, దాని కింద ఉన్న ఓపెన్‌కాస్కేడ్ రేడియన్లు అడుగుతాయి. బ్లెండర్ తెరమీద డిగ్రీలు చూపిస్తుంది, స్క్రిప్టులో రేడియన్లు కావాలంటుంది. ఫ్రీక్యాడ్‌లోనైతే పైథాన్‌లో రొటేషన్‌ను తయారు చేసేటప్పుడు డిగ్రీలు ఇస్తాం, అదే రొటేషన్‌ను నీ కోణమెంత అని అడిగితే రేడియన్లలో జవాబిస్తుంది. ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకో దానికి అంకె మోసుకెళ్లే ముందు, 90 డిగ్రీలు తిప్పి చూడండి. ఎక్స్ అక్షం మీది బిందువు సరిగ్గా వై అక్షం మీదికి వస్తే మీ ప్రమాణం సరైనదే.

ఇప్పుడు ఉష్ణోగ్రత తెగడం గురించి. కోణం నిఖార్సుగా సరిచేసినా, ఫ్రాగ్మెంట్ చేయకపోతే ఇది పోదు. తిప్పడం, జరపడం, కాపీ చేయడం అనే పనులకు బిందువులు ఎక్కడున్నాయన్నదే తెలుసు, ఏది దేనికి అతుక్కుని ఉందో తెలియదు. మోదుగాకులను ఎంత దగ్గరగా పేర్చినా ఈనెపుల్లతో కుడితేనే విస్తరి అవుతుంది. మీ 36 ముక్కలు కూడా పేర్చిన ఆకులే, కుట్టు లేదు. ఒక్కో ముక్కకు రెండు పక్క ఫేసులు, అంటే తలాలు. మొత్తం 72. ఇరుగుపొరుగు ముక్కల ఫేసులు ఒకే చోట ఉన్నా కెర్నెల్ దృష్టిలో అవి రెండు. మెషర్ రెండింటినీ విడివిడిగా మెష్ చేస్తుంది, నోడ్లు, అంటే ఎలిమెంట్ల మీది లెక్క బిందువులు, కూడా విడివిడిగా ఉంటాయి. లెక్క చేసే సాల్వర్‌కు నోడ్ ఉమ్మడి కాకపోతే అక్కడ ఇనుము తెగిపోయినట్టే లెక్క. వేడి దాటదు. ఫ్రాగ్మెంట్ చేసే పని ఆ రెండు ఫేసులను ఒక్కటి చేసి, రెండు వాల్యూములకూ ఉమ్మడిగా ఇవ్వడం. సరిగ్గా జరిగితే 72 పక్క ఫేసులు 36 అవుతాయి.

పాత పాఠాలు చదివేవాళ్లకు ఒక గందరగోళం ఉంటుంది. జీమెష్‌లో రెండు కెర్నెళ్లు ఉన్నాయి. సొంత కెర్నెల్‌లో ఒకే చోట పడ్డ వాటిని కోహిరెన్స్ అనే ఆజ్ఞ కలుపుతుంది. ఓపెన్‌కాస్కేడ్ కెర్నెల్‌తో ఘనాకారాలు కట్టడం, బూలియన్లు చేయడం 2017లో వచ్చిన 3.0 వెర్షన్‌తో మొదలయ్యాయి, అందులో ఈ పని బూలియన్ ఫ్రాగ్మెంట్స్‌ది. అంతకు ముందు రాసిన పాఠాల్లోని మెళకువలు సొంత కెర్నెల్‌కు సంబంధించినవి. మీరు స్టెప్ ఫైలు చదువుతున్నారు కాబట్టి మీది ఓపెన్‌కాస్కేడ్ దారి.

ఫ్యాన్ గాలి ఒక పక్కనుంచే తగిలేలా పెట్టబట్టి మీకు ఈ తప్పు కనిపించింది. అది చాలా మంచిదైంది. గాలి చుట్టూ సమానంగా తగిలేలా పెట్టి ఉంటే ప్రతి ముక్కలోనూ ఒకే తీరు ఉష్ణోగ్రత ఉండేది, పక్క ముక్కకు వేడి దాటాల్సిన అవసరమే వచ్చేది కాదు, తెగిన మెష్ మీద కూడా సరైన జవాబే వచ్చేది. అదే మెష్‌ను ఆరు నెలల తర్వాత ఎవరో ఇంకో పనికి తీసుకుంటే అప్పుడు తప్పు బయటపడేది, కారణం మాత్రం దొరికేది కాదు. అందుకే ఫలితం బాగుందని మెష్‌ను నమ్మొద్దు. కొత్త మెష్ మీద మొదటి పరీక్షగా ఒక వైపు వేడి పెట్టి, ఎదుటి వైపు చల్లబరిచి చూడండి. రంగులు ఎక్కడా విరగకుండా సాగితే కుట్టు పడినట్టు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. మీ అసలు ప్రాజెక్టులో గాలి, వేడిగా మారే విద్యుత్ నష్టాలు అన్నీ చుట్టూ సమానమని అనుకుంటున్నట్లయితే 36 ముక్కలు అక్కర్లేదు. ఒక్క 10 డిగ్రీల ముక్క చాలు, రెండు పక్క ఫేసుల గుండా వేడి దాటదని పెడితే సరిపోతుంది. కాపీలు చేసే ముందే ఈ ప్రశ్న గైడ్ గారితో కలిసి తేల్చుకోండి. వేడి లెక్కకు ఇది నిజమే గానీ అయస్కాంత క్షేత్రం లెక్కకు కాదు. 36 స్లాట్లు, 4 పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉన్న మోటార్‌లో ఒక పోల్‌కు 9 స్లాట్లు వస్తాయి, కాబట్టి అక్కడ కనీసం 90 డిగ్రీల ముక్క కావాలి, దాని రెండు అంచుల మధ్య గుర్తు మారే షరతు పెట్టాలి.

132 మి.మీ. పైకి జరిపితే చెదిరిందని రాశారు. ఇది వరస మార్చడం వల్ల వచ్చింది. కాగితం మీద ఒక్క బిందువుతో చూడండి. బయటి అంచు మీద ఎక్స్ 100, వై 0 ఉన్న బిందువు. దాన్ని 90 డిగ్రీలు తిప్పి, తర్వాత 132 పైకి జరిపితే ఎక్స్ 0, వై 232 దగ్గరకు వస్తుంది. మనకు కావాల్సింది అదే. ముందు జరిపి, తర్వాత మూలబిందువు చుట్టూ తిప్పితే ఎక్స్ మైనస్ 132, వై 100 దగ్గర పడుతుంది. రెండు పనులూ అవే, బిందువు మాత్రం ఎక్కడో. తిప్పుడు ఎప్పుడూ ఏదో ఒక అక్షం చుట్టూ జరుగుతుంది, ఆ అక్షం వస్తువుతో పాటు జరిగిపోదు, మీరు అంకెల్లో ఇచ్చిన చోటే ఉంటుంది. కాబట్టి మూలబిందువు దగ్గర మొత్తం తిప్పుళ్లన్నీ ముగించి, అంతా అతికించి, ఆఖర్న ఒక్కసారి జరపండి. జరిపేశాక తిప్పక తప్పదంటే రొటేట్‌లో అక్షం బిందువుగా 0, 132, 0 ఇవ్వండి. మాత్రికలతో పని చేసే వాళ్లు దీన్నే మూడు మెట్లుగా రాస్తారు: కేంద్రాన్ని మూలానికి తేవడం, తిప్పడం, మళ్లీ వెనక్కి పంపడం. మాత్రికలను గుణించేటప్పుడు ముందు జరగాల్సిన పని కుడి చివర ఉండాలి. ఓపెన్‌ఎస్‌క్యాడ్‌లో కూడా అంతే, ఆకారానికి దగ్గరగా రాసిన ఆజ్ఞ ముందు అమలవుతుంది.

ఇవన్నీ చెప్పాక, మీ స్క్రిప్టును నేనైతే ఎలా మారుస్తానో చెప్తాను. స్టేటర్ కోర్ నిజంగా ఎలా తయారవుతుంది? పలచని ఉక్కు రేకులను స్టాంపింగ్ చేసి, ఒకదాని మీద ఒకటి దొంతరగా పేర్చి బిగిస్తారు. పొడవునా ఒకే ఆకారం. కాబట్టి మూడు కొలతల ముక్కను తిప్పడం ఎందుకు? 10 డిగ్రీల చదును ఫేసు ఒక్కటి తీసుకోండి. దాన్ని 35 సార్లు కాపీ చేసి తిప్పండి. మొదటి ఫేసు ఒక జాబితాగా, మిగతా 35 రెండో జాబితాగా ఇచ్చి ఫ్రాగ్మెంట్ చేయండి. రెండు కొలతల్లో బూలియన్ చాలా తేలిక, త్వరగా అయిపోతుంది, తప్పు వచ్చినా ఎక్కడుందో వెంటనే దొరుకుతుంది. లెక్కలన్నీ సరిపోయాక అన్ని ఫేసులనూ ఒకే ఎక్స్‌ట్రూడ్ ఆజ్ఞలో కోర్ పూర్తి పొడవుకు లాగండి. అన్నీ కలిపి ఒకేసారి లాగితే చదునులో ఉన్న అతుకు మూడో కొలతలోకి కూడా వస్తుంది. విడివిడిగా 36 ఆజ్ఞల్లో లాగితే కుట్టు మళ్లీ విడిపోవచ్చు. పూర్తి పొడవు లాగారు కాబట్టి అద్దం తిప్పే పనే ఉండదు. మీ నాలుగో సమస్య అలా పుట్టకుండానే పోతుంది. ఈ మార్పు ఒక్కటి చేసినా మీ టెన్షన్ చాలావరకు తగ్గుతుందని నా నమ్మకం.

లెక్కలు సరిపోయాయని ఎలా తెలుస్తుంది? ఫ్రాగ్మెంట్ అయ్యాక చదును ఫేసులు ఎన్నో లెక్కపెట్టండి, 36 ఉండాలి. 71 వస్తే అడుగు తక్కువైంది. అడుగు కాస్త ఎక్కువై ఉంటే, ఉదాహరణకు 0.1746 అని రాస్తే, 35 చోట్ల ఖాళీ పడి, చివరి ముక్క ఒక్కటే మొదటిదాని మీదికి ఎక్కుతుంది. అప్పుడు 37 వస్తాయి. ఫేసులు 36 వచ్చినా ఆగొద్దు. ముక్కనే 10 డిగ్రీలకు కాస్త తక్కువగా గీసి ఉంటే అడుగు సరైనదైనా ప్రతి చోటా ఖాళీ ఉంటుంది, అప్పుడు కూడా 36 ఫేసులే వస్తాయి, అతుకు మాత్రం ఒక్కటీ ఉండదు. అందుకే రెండు స్లాట్ల మధ్య ఉండే ఇనుప పంటి మధ్యగా పోయే పక్క గీతలను కూడా లెక్కపెట్టాలి. 36 ఉంటే కుట్టు పడింది, 72 ఉంటే పడలేదు. తర్వాత వైశాల్యం. జీమెష్ ఓపెన్‌కాస్కేడ్ కెర్నెల్‌లో గెట్‌మాస్ అనే పిలుపు ఉంది, ఫేసుకు వైశాల్యం, వాల్యూముకు ఘనపరిమాణం చెబుతుంది. అసలు ముక్క వైశాల్యాన్ని 36తో గుణిస్తే ఎంతో, ఫ్రాగ్మెంట్ తర్వాత అన్ని ఫేసుల మొత్తం అంతే రావాలి. మీ 0.1745 స్క్రిప్టులో ఈ మొత్తం దాదాపు 3.7 చదరపు మి.మీ. తక్కువ వస్తుంది, ఎందుకంటే 35 చోట్ల ఇనుము రెండుసార్లు లెక్కలోకి వచ్చింది. కంటికి కనపడని తప్పు అంకెలో ఇంత స్పష్టంగా దొరుకుతుంది. ఆఖర్న బౌండింగ్ బాక్స్, అంటే ఆకారం సరిగ్గా పట్టే పెట్టె: కోర్ 200కు 200 మి.మీ. రావాలి. ఓపెన్‌కాస్కేడ్ ఇచ్చే పెట్టె కొలత అసలు కన్నా కాస్త పెద్దగా ఉండొచ్చు, అంత తేడా చూసి భయపడకండి.

కాపీ చేశాక ట్యాగుల (ఆకారాలకు జీమెష్ ఇచ్చే సంఖ్యల) విషయంలో జాగ్రత్త. ఫ్రాగ్మెంట్ తర్వాత పాత ట్యాగులు అలాగే ఉంటాయని అనుకోవద్దు. ఆ పిలుపు రెండు జాబితాలు తిరిగి ఇస్తుంది. ఒకటి ఇప్పుడున్నవి, రెండోది ఏ పాత ఆకారం ఏయే కొత్త ఆకారాలుగా మారిందో చెప్పేది. చాలామంది రెండోదాన్ని వదిలేస్తారు, నిజానికి అదే ఎక్కువ పనికొస్తుంది. ఓపెన్‌కాస్కేడ్ పనులన్నీ అయ్యాక సింక్రనైజ్ పిలవండి, లేకపోతే మెషర్‌కు మీ మార్పులేవీ తెలియవు. ఫిజికల్ గ్రూపులు (సాల్వర్‌కు పంపే భాగాల గుంపులు), ట్రాన్స్‌ఫైనైట్ షరతులు (క్రమమైన మెష్ కోసం పెట్టేవి) సింక్రనైజ్ తర్వాతే, కొత్త ట్యాగుల మీదే పెట్టండి. ఒక్క ఫిజికల్ గ్రూప్ ఉన్నా చాలు, ఏ గ్రూపులోనూ లేని ఎలిమెంట్లను జీమెష్ మామూలుగా ఫైల్లో రాయదు. తెరమీద 36 ముక్కలు కనబడి, సాల్వర్‌లోకి 35 వెళ్లాయంటే ముందు ఇక్కడే వెతకాలి.

అద్దం తిప్పడం మీకు ఇక అవసరం లేకపోయినా, జాకోబియన్ తప్పు ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలి. ఇది మళ్లీ ఎదురవుతుంది. మీరు నోడ్ల జెడ్ విలువల గుర్తు మార్చారు, ఎలిమెంట్లలో నోడ్ల వరసను మాత్రం అలాగే ఉంచారు. టెట్రా ఎలిమెంట్‌లో (నాలుగు ముఖాల తునకలో) మొదటి మూడు నోడ్లు ఏ దిశలో తిరుగుతాయో దాన్ని బట్టి నాలుగోది ఏ వైపు ఉండాలో తేలుతుంది. అద్దంలో ఆ తిరుగుడు తలకిందులవుతుంది, ఘనపరిమాణం మైనస్‌లోకి పోతుంది, జాకోబియన్ తప్పు అంటే ఇదే. నాలుగు నోడ్ల టెట్రాకు మొదటి రెండు నోడ్లను తారుమారు చేస్తే సరిపోతుంది. పది నోడ్లదైతే మధ్య నోడ్లు కూడా వాటితో పాటు కదలాలి. కాల్‌క్యులిక్స్ ఫైలు వరసలో 1, 2 మార్చినప్పుడు 6ను 7తో, 8ని 9తో మార్చాలి. 5, 10 అలాగే ఉంటాయి. జీమెష్ సొంత ఫైలులో 9, 10 స్థానాలు కాల్‌క్యులిక్స్‌కు తారుమారుగా ఉంటాయి, కాబట్టి అక్కడ 6ను 7తో, 8ని 10తో మార్చాలి. ఈ చిన్న తేడా తెలియక వారాలు పోగొట్టుకునే వాళ్లున్నారు. అద్దం తిప్పాక మధ్య తలం మీది నోడ్లు జంటలుగా పడి ఉంటాయి, వాటిని కలపడం మర్చిపోవద్దు, లేకపోతే అక్కడ కూడా వేడి దాటదు. ఆ నోడ్లు కచ్చితంగా ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి డూప్లికేట్ నోడ్లను తీసేసే పిలుపు చాలు. ముక్కల పక్క ఫేసుల దగ్గర మాత్రం ఆ పిలుపును నమ్ముకోవద్దు, రెండు ఫేసులను విడివిడిగా మెష్ చేస్తే నోడ్లు ఒకే చోట పడతాయన్న హామీ లేదు.

ఇంకో సంగతి. స్లాట్లు పొడవునా ఏటవాలుగా ఉండే కోర్ అయితే అద్దం తిప్పడం అసలు కూడదు. కుడి వాటం ఏటవాలు ఎడమ వాటం అవుతుంది, మధ్యలో చేపముల్లులా విరుగుతుంది. స్క్రూ మర, స్ప్రింగ్, పంపు ఇంపెల్లర్ రెక్క, వాటం ఉన్న ప్రతిదానికీ ఇది వర్తిస్తుంది. వాటికి తిప్పుడే వాడాలి.

యూనిట్ల గురించి క్లుప్తంగా. స్టెప్ ఫైలును ఓపెన్‌కాస్కేడ్ మామూలుగా మిల్లీమీటర్లలోకి మార్చి చదువుతుంది. కాల్‌క్యులిక్స్‌కు యూనిట్లు తెలియవు, మీరిచ్చిన అంకెలే దానికి తెలుసు. ఉక్కు ఉష్ణవాహకత మీటర్‌కు కెల్విన్‌కు 30 వాట్లు అని తీసుకుంటే మిల్లీమీటర్ల నమూనాలో అది 0.03. మీటర్లలోనే పని చేయాలనుకుంటే తర్వాత 0.001తో డైలేట్ చేయడం (స్కేలు మార్చడం) కన్నా, ఫైలు చదివే ముందే ఓసీసీ టార్గెట్ యూనిట్‌ను మీటర్‌కు పెట్టడం మేలు. డైలేట్ చేస్తే కేంద్రానికి దూరంగా ఉన్నవన్నీ చోటు కూడా మారతాయి, మీరు 2 అని పెట్టిన గరిష్ఠ మెష్ సైజు మాత్రం 2గానే ఉండిపోతుంది. అప్పుడది 0.2 మీటర్ల కోర్‌కు 2 మీటర్ల ఎలిమెంటు అడిగినట్టు. ఒక్క దిశలోనే సాగదీసే స్కేలింగ్ జోలికి అసలు వెళ్లొద్దు. గుండ్రని రంధ్రం దీర్ఘవృత్తం అవుతుంది, సిలిండర్‌ను కెర్నెల్ ఇక సిలిండర్‌గా ఉంచలేక బీ-స్ప్లైన్ అనే సాధారణ వక్ర తలంగా మారుస్తుంది, ఆ తర్వాతి బూలియన్లు నెమ్మదిస్తాయి, ఒక్కోసారి విఫలమవుతాయి. కోర్ పొడవు మార్చాలంటే ఎక్స్‌ట్రూడ్ కొలత మార్చండి.

గైడ్ గారి మాట విషయానికి వస్తే, గడువు దగ్గర పడ్డప్పుడు ఆయన అలా అనడం సహజమే. కానీ ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా 0.1745 అంటే 0.1745నే, అతికించని ఫేసులు అతికించనివే. ఖరీదైన దానికి మారితే కొత్త మెనూలు నేర్చుకోవడంలో రోజులు పోతాయి, ఈ 35 పొరలు అక్కడికి కూడా వస్తాయి. ఆయన దగ్గరకు స్క్రిప్టు ఒక్కటే పట్టుకెళ్లకండి. ఫ్రాగ్మెంట్‌కు ముందు, తర్వాత ఫేసుల సంఖ్య, పక్క గీతల సంఖ్య, మొత్తం వైశాల్యం, బౌండింగ్ బాక్స్ ఒక కాగితం మీద రాసి చూపించండి. తప్పు ఎక్కడుందో ఆయనకు ఒక్క చూపులో తెలుస్తుంది.

రేపు చదును ఫేసుతో మొదలుపెట్టండి. కోణం మార్చి ఫ్రాగ్మెంట్ చేశాక 36 ఫేసులు, 36 పక్క గీతలు వస్తే అలాగే ఎక్స్‌ట్రూడ్‌కు వెళ్లండి. రాకపోతే మళ్లీ రాయండి, స్క్రిప్టుతో పాటు ఆ నాలుగు అంకెలూ, ఫ్రీక్యాడ్‌లో ముక్క రెండు పక్క గీతల మధ్య కొలిచిన కోణమూ పంపండి.